ఎమ్మెస్సీ ఉన్నా పదో తరగతి ఇంగ్లీషు గ్రేడే అడిగారు

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మాది పి.గన్నవరం దగ్గర లంక ఊరండి. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి అయిదేళ్ళుగా ప్రైవేట్ హైస్కూల్లో లెక్కలు చెప్తున్నాను, బీఎడ్ మాత్రం చెయ్యలేదు. మా ఆయనకి ఇంగ్లండులో ఉద్యోగం వచ్చింది, ఎలాగూ వెళ్తాం కదా అక్కడే పీజీసీఈ అని ఏడాది టీచర్ ట్రైనింగ్ ఉంటుంది అది చేసి అక్కడా లెక్కలే చెప్పుకుందామని అప్లై చేశాను. ఎమ్మెస్సీ ఉంది, ఐఈఎల్టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో 7 వచ్చింది, ఇంక అడగడానికి ఏముంటుంది అనుకున్నానండి. కన్సల్టెన్సీ వాళ్ళు కూడా టెన్త్ ఎవడూ చూడడు మేడమ్ అనేసి డబ్బులు కట్టించుకున్నారు. తీరా చూస్తే కాలేజీ వాళ్ళు మెయిల్ పెట్టి అడిగింది పదో తరగతి ఇంగ్లీషు గ్రేడే.

విషయం ఏంటంటే అక్కడ పిల్లలు 16 ఏళ్ళకి జీసీఎస్ఈ పరీక్షలు రాస్తారు, టీచర్ ట్రైనింగ్ కి వెళ్ళాలంటే అందులో ఇంగ్లీషు, లెక్కలు రెండిట్లో గ్రేడ్ 4 ఉండాలి, లేదంటే దానికి సమానమైంది చూపించాలి. చిన్నపిల్లల క్లాసులకి అయితే సైన్స్ లో కూడా. పైన ఎంత చదివినా ఇది తప్పదు, ఐఈఎల్టీఎస్ వేరు ఇది వేరు అని నాకు తేల్చి చెప్పేశారు.

మా నాన్నగారికి చెప్తే "నీకు ఇంగ్లీషులో 6 పాయింట్లు వచ్చాయి కదమ్మా, వాళ్ళు నాలుగే కదా అడుగుతున్నారు" అన్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నానండి. కానీ వాళ్ళ స్కేలు 9 నుంచి 1 వరకు, అందులో 4 అంటే పాత లెక్కలో సి గ్రేడు. మన పది పాయింట్ల మెమోలో 4 అంటే కింది గ్రేడుల్లో ఒకటి. అంకె ఒకటే గానీ దానికీ దీనికీ సంబంధం లేదు. నేను టెన్త్ రాసింది 2013లో, మెమోలో గ్రేడులు, పాయింట్లే తప్ప మార్కులు లేవు. మార్కులెన్నో చెప్పమంటే ఏం చూపించాలి? ఆ మెమో కూడా 2022 జులై వరదకి ట్రంకు పెట్టెలోనే నానిపోయి అక్షరాలు చెరిగిపోతే, మా స్కూల్ హెచ్ఎం మాస్టారి చుట్టూ తిరిగి డూప్లికేట్ తెప్పించుకున్నాను, అందులోనూ అవే గ్రేడులు.

యూకే ఎనిక్ అని ఒక సంస్థ ఉందండి, ఫీజు కడితే మన చదువు వాళ్ళ దగ్గర దేనికి సమానమో కాగితం ఇస్తుంది. ఆ కాగితం ఉన్నా ఆఖరి మాట మాత్రం కాలేజీదే. ఒక కాలేజీ లెక్కలకి సరే ఇంగ్లీషుకి కాదు అంది, ఇంకో కాలేజీ అసలు రెండూ టెస్ట్ రాయమంది. అందుకే డబ్బు కట్టకముందే ఆ కాలేజీకి మెయిల్ పెట్టి మా బోర్డు టెన్త్ ఒప్పుకుంటారా, లేకపోతే ఏ టెస్ట్ రాయాలి అని రాతపూర్వకంగా తెప్పించుకోవాలి, నేను ఆ పని చెయ్యలేదు.

మొదటి కాలేజీ చెప్పినట్టు చివరికి ఇంగ్లీషు టెస్ట్ రాశానండి. ఒక పేరా ఇచ్చి రాసినాయన ఉద్దేశం ఏంటి, ఈ మాటే ఎందుకు వాడాడు అని అడిగారు, తర్వాత ఒక విషయం మీద నీ అభిప్రాయం రాసి ఎదుటివాళ్ళని ఒప్పించమన్నారు. మేము టెన్త్ లో లెటర్లు, వ్యాసాలు గైడ్ చూసి బట్టీ పట్టి రాసినవాళ్ళం, పేపర్ వన్ పేపర్ టూ రెండూ అలాగే గడిచిపోయాయి. సొంతంగా ఒక పేజీ రాయమని ఏ క్లాసులోనూ మమ్మల్ని ఎవరూ అడగలేదు, ఇది తల్చుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. మొదటిసారి పోయింది. మూడు నెలలు రోజూ సాయంత్రం ఒక పేజీ రాసి మా స్కూల్ ఇంగ్లీష్ సార్ కి చూపించి రెండోసారి పాసయ్యాను.

బీఎడ్ చేసి, చెప్పిన అనుభవం కూడా ఉన్న లెక్కలు, సైన్స్, భాషల టీచర్లకి వేరే దారి ఉందండి, 2023 నుంచి మన దేశం వాళ్ళు ఈ ట్రైనింగ్ లేకుండానే నేరుగా క్యూటీఎస్ కి, అంటే అక్కడ టీచరుగా గుర్తింపుకి, అప్లై చేసుకోవచ్చు. అది తెలియక మళ్ళీ పీజీసీఈకి లక్షలు పోస్తున్న వాళ్ళని నేను చూశాను.

మీ పేపర్లో విదేశీ చదువు అనగానే వీసాలు, లోన్లు, ర్యాంకులు వేస్తారు, ఇది కూడా ఒకసారి వివరంగా వెయ్యండి. పరీక్షల శాఖ వాళ్ళకి నా మనవి ఏంటంటే గ్రేడుల మెమోలు తీసుకున్న మా బ్యాచుల వాళ్ళు అడిగితే సబ్జెక్టు వారీగా మార్కులతో, ఆ గ్రేడు ఎన్ని మార్కులకి ఇస్తారో ఇంగ్లీషులో రాసి సీలు వేసి ఒక లెటర్ ఇప్పించాలి. 2020లో కరోనా వల్ల పరీక్షే రాయని పిల్లలు కూడా ఇప్పుడు డిగ్రీలు పూర్తి చేసుకుంటున్నారు, వాళ్ళు రేపు ఏం చూపిస్తారు?

మా స్కూల్లోనే ఒక టీచరమ్మ ప్రైమరీ ట్రైనింగ్ కి వెళ్దామనుకుంటోంది, సైన్స్ సంగతి నేను చెప్పేదాకా ఆవిడకి తెలీదు. వచ్చే నెలలో కన్సల్టెన్సీకి డబ్బు కట్టాలంట, ఇంకా ఏ కాలేజీకీ మెయిల్ పెట్టలేదు. ఇలాంటి వాళ్ళు ఇంకా ఎంతమంది ఉన్నారో, అందుకే ఈ లెటర్ కాస్త తొందరగా వెయ్యమని అడుగుతున్నానండి.

- ఒక లెక్కల టీచరు, పి.గన్నవరం మండలం, కోనసీమ