బీచ్ కిట్ అన్నారు, ఇసుకలో ఒక్కసారైనా పెట్టి చూశారా?

నెల్లూరు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మీ బీచ్ ఫోటోగ్రఫీ కిట్‌లో లోపాలు, దాంతో ఇచ్చిన తెలుగు పుస్తకంలో తప్పులు, మిగిలిన 11 కిట్ల వాపసు.

అయ్యా,

నెల్లూరు, ఒంగోలుల్లో కెమెరా సామాను అమ్మే మూడు షాపుల వాళ్ళం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. వెలుగు తగ్గించే ఫిల్టర్లు, ట్రైపాడ్, తెలుగు పుస్తకం ఉన్న మీ కిట్లు 20 తెప్పించాం. 9 అమ్ముడుపోతే అందులో 6 మళ్ళీ మా కౌంటర్ మీదికే వచ్చాయి. పుస్తకం అట్ట మీద గోల్డెన్ గేట్ వంతెన వేశారు. లోపల పాఠమంతా శాన్‌ఫ్రాన్సిస్కోలోని బేకర్ బీచ్ నుంచి ఆ వంతెనను పొద్దు గుంకాక ఎలా తీయాలన్నదే. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళేవాళ్ళు ఆ అట్ట చూసే కొన్నారు.

ముందు లెక్క సంగతి. ఎన్‌డీ ఫిల్టరంటే లెన్స్ ముందు పెట్టే నల్లటి గాజు, ఒక్కో స్టాపుకు వెలుగు సగమవుతుంది. 10 స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ వెలుగును 1024 వంతుల్లో ఒక వంతుకు తగ్గిస్తుంది. అంటే ఫిల్టర్ లేకుండా వచ్చిన షట్టర్ సమయాన్ని 1024తో గుణించాలి. మీ పుస్తకంలోని పట్టికలో 100తో గుణించారు. సెకనులో నాలుగో వంతుకు 25 సెకన్లని వేశారు, రావాల్సింది 256 సెకన్లు, అంటే 4 నిమిషాల 16 సెకన్లు. పట్టికను నమ్మి తీస్తే ఫోటో మూడుంపావు స్టాపులకు పైగా చీకటిగా వస్తుంది. కొన్నవాళ్ళు కెమెరా పాడైందనుకుని సర్వీసుకు ఇచ్చారు.

లెక్క సరిదిద్దినా ఆ వేళకు 10 స్టాపుల ఫిల్టర్ తగదు. నాలుగుంపావు నిమిషాల ఎక్స్‌పోజర్ తర్వాత, కెమెరాలో లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ (ఫోటోలో చుక్కలు, మచ్చలు తీసేసే సదుపాయం) ఆన్‌లో ఉంటే, అది ఇంకో నాలుగుంపావు నిమిషాలు తీసుకుంటుంది. పొద్దు గుంకాక అక్కడ వెలుగు దాదాపు అరగంట నిలుస్తుంది, కాబట్టి మూడు ఫోటోలు. మన మైపాడులోనో కొత్తపట్నంలోనో 22, 23 నిమిషాల్లో చీకటి పడిపోతుంది, మూడోది ముగిసేసరికే వెలుగు అయిపోతుంది. పైగా షట్టర్ తెరిచి ఉండగానే వెలుగు తగ్గిపోతుంటుంది, కాబట్టి లెక్క ప్రకారం తీసినా ఫోటో చీకటిగానే వస్తుంది. ఆ సమయానికి 6 స్టాపులు చాలు. సెకనులో నాలుగో వంతు 16 సెకన్లవుతుంది, అలలు పాలనురగలా పరుచుకుంటాయి. ఇంకాస్త చీకటిపడి వంతెన దీపాలు వెలిగాక ఏ ఫిల్టరూ అక్కర్లేదు. మీ పుస్తకం సరిగ్గా అప్పుడే 10 స్టాపుల ఫిల్టర్ బిగించమంటోంది.

లెన్స్ సలహా చూసి నవ్వొచ్చింది. 16 మిల్లీమీటర్ల వెడల్పు లెన్సట! వంతెన టవర్ల ఎత్తు 227 మీటర్లు. బేకర్ బీచ్ నుంచి దూరం రెండు కిలోమీటర్లనుకుంటే 16 ఎంఎం లెన్స్‌లో టవర్ సెన్సర్ (కెమెరా లోపల బొమ్మ పడే పలక) మీద 1.8 మిల్లీమీటర్లు పడుతుంది. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ ఎత్తు 24 మిల్లీమీటర్లు, అంటే టవర్ అగ్గిపుల్లంత. 100 ఎంఎం పెడితే దాదాపు సగం ఫ్రేమ్ నిండుతుంది. ఇక ‘అస్తమించే సూర్యుడికి ఎదురుగా నిలబడండి’ అన్న మాట. ఆ బీచ్ వంతెనకు నైరుతి వైపు ఉంది. వంతెనను చూస్తూ నిలబడితే సూర్యుడు ఎడమపక్కనో, ఎడమ భుజం వెనకో ఉంటాడు. మీరు చెప్పినట్టు నిలబడితే ఎదురుగా పసిఫిక్ తప్ప వంతెన కనిపించదు.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. మీ ఫిల్టర్లు అయస్కాంతం రింగుతో అంటుకునేవి. మన తీరంలో అల వెనక్కి తగ్గినచోట నల్లటి చారలు కనిపిస్తాయే, ఆ నల్ల ఇసుకలో అయస్కాంతానికి అంటుకునే ఖనిజం ఉంటుంది. ఫిల్టర్ చెయ్యిజారి ఒక్కసారి ఇసుకలో పడితే చాలు, రింగు చుట్టూ గడ్డం మొలిచినట్టు నల్లరేణువులు నిలబడతాయి. ఊదితే పోవు, బ్రష్‌తో తోస్తే రింగు మీదే అటూఇటూ జరుగుతాయి. అలాగే అంటిస్తే ఫిల్టర్‌కీ లెన్స్‌కు బిగించిన అడుగురింగుకీ మధ్య ఇరుక్కుని ఫిల్టర్ పూర్తిగా ఆనదు, ఆ సందులోంచి పక్కవెలుగు దూరుతుంది. తిరిగొచ్చిన ఆరింటిలో నాలుగు ఫిల్టర్ల గాజు అంచున గీతలు పడ్డాయి. మామూలు ఇత్తడి మరల రింగు ఇచ్చి ఉంటే ఈ గొడవే లేదు. అల్యూమినియం మాత్రం వద్దు, ఉప్పుగాలికి మరలు పట్టేసి ఊడిరావు.

10 స్టాపుల గాజు రంగు కూడా మారుస్తోంది. కంటికి కనిపించని పరారుణ కిరణాలను ఆపే పూత సరిగా లేక ఆకాశం ఊదాగా, వంతెన నారింజ రంగు కాలిన ఇటుకలా వస్తున్నాయి. వైట్ బ్యాలెన్స్‌తో (కెమెరాలో రంగుల సర్దుబాటు) ఆకాశాన్ని సరిచేస్తే వంతెన ఆకుపచ్చగా మారుతోంది.

ట్రైపాడ్ కాళ్ళ తిప్పుడు లాకుల్లో పూసిన గ్రీజు ఇసుకను పట్టేస్తోంది. బీచ్‌లో అన్నిటికంటే సన్నని అడుగుకాళ్ళే ముందు లాగాలి, అప్పుడు లాకులు ఇసుకకు పైన ఉంటాయి. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, విప్పి ఆరబెట్టాలి. మీరేమో లావుకాళ్ళు ముందు లాగి, పొడిగుడ్డతో తుడవమన్నారు.

మాకు కావాల్సింది ఇది. మిగిలిన 11 కిట్లు మీ ఖర్చుతో వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వండి. అమ్ముడైన 9 కిట్లకు 10 స్టాపుల ఫిల్టర్లు మార్చి, ఫిల్టర్లన్నిటికీ ఇత్తడి మరల రింగులు, సరిదిద్దిన పట్టిక పంపండి. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే కొన్నవాళ్ళు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తారు. తిరిగి అమ్మడానికి కొన్న మేం వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారులం కాము, కాబట్టి వాళ్ళకు బిల్లులు, ఈ ఉత్తరం నకలు ఇచ్చాం.

జతపరిచినవి: గీతలు పడ్డ నాలుగు ఫిల్టర్ల ఫోటోలు, ఫిల్టర్‌తోనూ లేకుండానూ తీసిన రెండేసి ఫోటోలు, పట్టిక ఉన్న పేజీ నకలు, బిల్లులు.

ఇట్లు,
నెల్లూరు, ఒంగోలు కెమెరా షాపుల వాళ్ళం