ఈ సీజన్ నుంచి కొత్తవాళ్లకు రిగ్ ఎలా అమ్ముతాం, ఎవరికి అమ్మం

అమెరికాలో ఐడహో రాష్ట్రం ట్విన్ ఫాల్స్‌లోని మా చిన్న దుకాణంలో బేస్ జంపింగ్ (మేడ, టవర్, వంతెన, కొండల మీంచి పారాచూట్‌తో దూకడం) గేర్ కొన్నవాళ్లకూ, కొనడానికి పేరు రాయించుకున్నవాళ్లకూ నమస్కారం.

అసలు సంగతి ముందే చెప్పేస్తాం. విమానం నుంచి 200 స్కైడైవ్‌లు పూర్తి చేయనివాళ్లకు ఇక పూర్తి రిగ్ (పారాచూట్, దాన్ని వీపున మోసే సంచి, పట్టీలు) అమ్మం. 200 దాటినా సరే, అనుభవమున్న శిక్షకుడి ఎదుట కనీసం 20 సార్లు బేస్ పద్ధతిలో ప్యాక్ చేసినట్టు లాగ్‌బుక్‌లో లేకపోతే కెనోపీ, అంటే పారాచూట్ గుడ్డ, మా అల్మారాలోనే ఉంటుంది. అడ్వాన్సు కట్టినవాళ్లలో ఈ లెక్కకు రానివాళ్ల డబ్బు మొత్తం వెనక్కిస్తాం. దీనివల్ల అమ్మకాలు తగ్గుతాయని తెలుసు. తెలిసే చేస్తున్నాం.

ఇంకోటి, ఇది అంతకన్నా తొందర పని. గత సీజన్‌లో మేం లూపులు వేసి పంపిన పిన్ కంటెయినర్లలో (లూపు అనే దారపు ఉచ్చులో పిన్ దూర్చి మూసి ఉంచే వీపు సంచుల్లో) కొన్నిటికి కింది లూపు పొట్టిగా కత్తిరించాం. తప్పు మాదే. కొత్త కెనోపీ గుడ్డ బిరుసుగా ఉంటుంది. దానికి పొట్టి లూపు తోడైతే పిన్ మీద బిగుతు బాగా పెరుగుతుంది. వంతెన మీంచి అడుగేసిన సెకనుకే పైలట్ చ్యూట్ (పిన్ లాగి కెనోపీని బయటికి తీసే చిన్న పారాచూట్) వదిలితే దానికి పిన్ లాగే బలం ఏపాటి ఉంటుంది? పిన్ మొరాయించినంతసేపూ మనిషి పడుతూనే ఉంటాడు. అలాగని లూపు వదులుగా ఉండటమూ మంచిది కాదు. కొన్ని ప్యాక్‌ల తర్వాత గుడ్డ మెత్తబడి అణుగుతుంది, నిన్నటిదాకా సరిపోయిన లూపు ఇవాళ వదులవుతుంది. అప్పుడు రెయిలింగ్ దాటుతుండగా వీపు తగిలినా పిన్ జారి కంటెయినర్ తెరుచుకోవచ్చు. అందుకని ప్రతి ప్యాక్‌కూ పిన్ బిగుతు చూడాల్సిందే, లూపు పోగులు లేచాయేమో చూడాల్సిందే. గత సీజన్‌లో మేం పంపిన ఆ పిన్ రిగ్‌లు మాకు పంపండి. మీ కెనోపీతో ప్యాక్ చేసి, సరైన పొడవు లూపు వేసి తిప్పి పంపుతాం. రానుపోను ఖర్చు మాది. మీరే ముడి వదులు చేసి సర్దుకోవద్దు.

200 ఎందుకని చాలామంది అడుగుతున్నారు. బేస్ అంటే బిల్డింగ్, యాంటెన్నా, స్పాన్, ఎర్త్. అంటే మేడ, టవర్, వంతెన, కొండ. వీటిలో దేని మీంచి దూకినా రెండో పారాచూట్ ఉండదు. ఉన్నా, తెరవడానికి ఎత్తు మిగలదు. ఇక్కడి పెరీన్ వంతెన స్నేక్ నది మీద 486 అడుగుల ఎత్తున ఉంది. ఏమీ తెరవకుండా పడితే నీటిదాకా ఆరు సెకన్లు కూడా పట్టదు. తొలి సెకనులో 16 అడుగులు, రెండో సెకను ముగిసేసరికి 64, మూడో సెకనుకు 140 అడుగుల దాకా పోతాయి. మూడు సెకన్లు ఆగి వదిలితే, కెనోపీ తెరుచుకోవడానికి పట్టే ఎత్తు పోను, చేతిలో మిగిలేది వంతెన ఎత్తులో సగం అటూ ఇటూ. ఆ సగంలోనే కెనోపీ ఎటు చూస్తోందో గమనించాలి, సరిదిద్దాలి, గాలి చూడాలి, ఒడ్డున దిగాలి. ఇవన్నీ ఆలోచించి చేసే పనులు కావు, చేతులకు వచ్చి ఉండాలి. స్కైడైవింగ్‌లో 25 జంపులకు ‘ఏ’ (A) లైసెన్స్ వస్తుంది. అది విమానం నుంచి ఒంటరిగా దూకడానికి సరిపోతుంది, దీనికి సరిపోదు.

ఆ 200లో ఏం చేశారన్నది లెక్కకన్నా ముఖ్యం. చిన్న, వేగమైన కెనోపీ మీద 200 చేసినవాళ్లకన్నా, పెద్ద సెవెన్ సెల్ (ఏడు గదుల) కెనోపీ మీద చివరి 50 చేసినవాళ్లు ఇక్కడ బాగా దిగుతారు. విమానంలోంచి దూకగానే తెరిచే హాప్ అండ్ పాప్‌లు చేయండి. పైన ఎత్తుండగానే బ్రేకులు (కెనోపీ తోకను కిందికి లాగే తాళ్లు) సగం, ముప్పావు లాగి ఎగరండి. ఎక్కడ స్టాల్ అవుతుందో (ఎగరడం మానేస్తుందో), ఎంత వదిలితే తేరుకుంటుందో మీ చేతులకు తెలియాలి. టాగుల్స్ (బ్రేకు తాళ్ల పిడులు) ముట్టకుండా వెనక రైజర్లతోనే (భుజాల దగ్గర లైన్లను, అంటే కెనోపీ తాళ్లను, పట్టి ఉంచే వెనక పట్టీలతోనే) తిప్పడం నేర్చుకోండి. బ్రేకుల్లోనే నిదానంగా దిగుతూ వచ్చి, ఆ లోతు నుంచే ఫ్లేర్ (నేల తాకే ముందు బ్రేకులు లాగి వేగం తగ్గించడం) చేయడం నేర్చుకోండి. నేల మీద ఒక గుర్తు పెట్టుకుని, వరుసగా పదిసార్లు దానికి పది మీటర్లలోపు దిగగలిగితే అప్పుడు మాకు ఫోన్ చేయండి. బేస్ రిగ్‌తో విమానంలోంచి దూకకూడదు, అందులో రిజర్వ్ (అదనపు పారాచూట్) ఉండదు కాబట్టి. బేస్ కెనోపీని రిజర్వ్ ఉన్న స్కైడైవింగ్ కంటెయినర్లో మెయిన్‌గా పెట్టి అలవాటు పడాలి. మామూలు కంటెయినర్లో అంత గుడ్డ పట్టదు. పెద్ద కంటెయినర్ మా దగ్గర అద్దెకుంది.

ఇక సైజు. స్కైడైవింగ్ అలవాటుతో చాలామంది చిన్నది అడుగుతారు. మా లెక్క ఇది: గేర్‌తో కలిపి మీ బరువును పౌండ్లలో వేసి 0.7తో భాగించండి. 75 కిలోల మనిషి అంటే 165 పౌండ్లు. రిగ్, హెల్మెట్, బూట్లు, ప్యాడ్లు కలిపి 22 వేసుకుంటే 187. భాగిస్తే 267. అంటే 260కీ 270కీ మధ్య చదరపు అడుగుల కెనోపీ. 240 సరిపోదా అని బేరమాడకండి. ఈ ఊరు సముద్రమట్టానికి 3,700 అడుగుల ఎత్తున ఉంది. ఎండాకాలం మధ్యాహ్నం గాలి పలచబడి, ఇదే కెనోపీ తీరప్రాంతంలో కన్నా వేగంగా దిగుతుంది. మొదటి కెనోపీకి కింది గుడ్డలో వెంట్లు (గాలి దూరే రంధ్రాలు) ఉన్నది తీసుకోండి. త్వరగా గాలి నింపుకుంటుంది. వెనక రైజర్లు లాగి వెనక్కి నడిపేటప్పుడు కూడా గాలి నిలుపుకుంటుంది.

పైలట్ చ్యూట్ విషయంలో డబ్బు ఆదా చేయాలని చూడొద్దు, ఒక్కటే కొని అన్నిటికీ వాడొద్దు. ఒక సెకనుకు మీ వేగం గంటకు 35 కిలోమీటర్లు, రెండు సెకన్లకు 70. వేగం రెట్టింపైతే పైలట్ చ్యూట్ లాగే బలం నాలుగింతలవుతుంది. అందుకే రెండు సెకన్లలోపు వదిలేవాటికి 46 లేదా 48 అంగుళాలది కావాలి. మూడు నాలుగు సెకన్లకు 42. అంతకుమించితే 38, 36. పూర్తి వేగం అందుకునే పెద్ద కొండలకు 32, 34. కొత్తవాళ్లకు ఇక్కడ కావలసింది 46 లేదా 48, తర్వాత 42. తక్కువ వేగంలో చిన్నది వదిలితే అది మీ వెనక ఊగుతూ ఉంటుంది, కంటెయినర్ తెరుచుకోదు. ఎక్కువ వేగంలో పెద్దది వదిలితే కెనోపీని మధ్యలో పట్టి గుంజేస్తుంది, తెరుచుకోవడం వంకర పోతుంది. బ్రిడిల్ (పైలట్ చ్యూట్‌ను కెనోపీకి కలిపే పట్టీ) తొమ్మిది అడుగులది చాలు.

కెనోపీ మనం దూకిన దిశకు కాకుండా వేరే వైపు తిరిగి తెరుచుకుంటే దాన్ని ఆఫ్ హెడింగ్ అంటాం. కొండ మీంచి దూకినప్పుడు మనుషులు రాతికి కొట్టుకునేది ఎక్కువగా దీనివల్లే. ప్యాక్ ఒక పక్కకు ఒరిగినా, దూకేటప్పుడు ఒక భుజం కిందికి వాలినా ఇది వస్తుంది. వంతెనకు ఎదురుగా గోడ ఉండదు కాబట్టే మొదట వంతెన అంటాం. కానీ వంతెన దగ్గరే చేతులకు నేర్పాలి: తెరుచుకోగానే టాగుల్స్ కాదు, వెనక రైజర్లు. రెండూ పట్టి లాగి ముందుకు పోవడాన్ని ఆపాలి, తర్వాత తిప్పాలి, దిశ సరయ్యాకే టాగుల్స్. గేర్‌లో దీనికి తోడు డీప్ బ్రేక్ సెట్టింగ్ (తెరుచుకునేటప్పుడు బ్రేకులు ఎంత లోతుగా లాగి ఉంచాలన్నది). బ్రేకు లైన్ల మీద ఫ్యాక్టరీ వాళ్లు పెట్టిన గుర్తు మొదటి అంచనా మాత్రమే. మీ బరువుకు అది లోతెక్కువైతే కెనోపీ తెరుచుకుని వెనక్కి ఊగుతుంది, స్టాల్ అవుతుంది. తక్కువైతే తెరుచుకోగానే ముందుకు దూసుకుపోతుంది. పైన చెప్పిన రిజర్వ్ ఉన్న కంటెయినర్లో, ఎత్తు మీద, బ్రేకులు విప్పకుండా కాసేపు వదిలి చూడండి. వెనక్కి ఊగితే లోతు ఒక అంగుళం తగ్గేలా జరిపించి మళ్లీ చూడాలి. రెండు మూడు జంపుల్లో తేలిపోతుంది. జరిపే పని మేం ఉచితంగా చేస్తాం.

ప్యాకింగ్‌లో మా బల్ల దగ్గర ఎక్కువగా తప్పేది టెయిల్‌గేట్. స్లైడర్ (కెనోపీ మెల్లగా తెరుచుకునేలా లైన్ల మీద జారే గుడ్డ) లేకుండా ప్యాక్ చేసినప్పుడు బ్రేకు లైను ఎగిరి కెనోపీ ముక్కు మీదుగా పడితే లైన్ ఓవర్, కెనోపీ గిరగిరా తిరుగుతూ దిగుతుంది. దాన్ని ఆపడానికే పై బ్రేకు లైన్లన్నిటినీ తోక మధ్యకు చేర్చి రబ్బరు బ్యాండుతో పట్టి ఉంచుతాం. చూడ్డానికి ఇంతే. కుడి గుత్తి, ఎడమ గుత్తి విడివిడిగా వేళ్ల మధ్య పట్టుకుని ఒకే బిగువుకు లాగాలి. ఒక్క లైను వేలి వెనక వదులుగా ఉండిపోయినా పైకి కనిపించదు, బ్యాండు దాన్ని పట్టదు. లైన్లు లెక్కపెట్టాకే బ్యాండు. ఎన్ని చుట్లు అన్నది మీ కెనోపీ మాన్యువల్‌లో ఉన్నట్టే. అంచు చిట్లిన బ్యాండు, మెరుపు తేలిన బ్యాండు పారేయండి. వంద బ్యాండ్ల పొట్లం రిగ్‌తో ఉచితంగా ఇస్తున్నది అందుకే. స్లైడర్ పైకి పెట్టి ప్యాక్ చేసే రోజున మాత్రం టెయిల్‌గేట్ వాడకూడదు. ఈ ఒక్కటి మర్చిపోయి అలవాటుగా చుట్టేసేవాళ్లు ఉన్నారు.

అయినా లైన్ ఓవర్ వస్తే? లైన్ రిలీజ్ ఉన్న టాగుల్స్ ఉంటే ఆ పక్క బ్రేకు లైనును పూర్తిగా వదిలేసి వెనక రైజర్లతో దిగవచ్చు. అవి లేని రిగ్ కొత్తవాళ్లకు అమ్మం. దుకాణంలో హార్నెస్ వేలాడదీసి పెట్టాం. ఏ పక్కదో చూసి, ఆ పక్కది వదలడం కళ్లు మూసుకునైనా వచ్చేదాకా సాధన చేయవచ్చు, ఖర్చేమీ లేదు.

బూట్లకు లేసు కొక్కేలు ఉండకూడదు, వాటికి లైను చిక్కుతుంది. మడమ పట్టి ఉంచేవి, మోకాలి ప్యాడ్లు, ముఖం కప్పే హెల్మెట్. వీటి గురించి ఇంతకన్నా చెప్పేది లేదు.

పాత రిగ్‌లు అడిగేవాళ్లు చాలామంది. కొత్తది మొత్తం కలిపితే నాలుగు వేల డాలర్లు దాటుతుంది కాబట్టి అడగడం న్యాయమే. ఎండకు రంగు వెలిసిన గుడ్డ వద్దు. కుడి ఎడమ బ్రేకు లైన్ల పొడవు పక్కపక్కన పెట్టి కొలవండి, తేడా ఉంటే లైన్లు మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. వెల్‌క్రో కంటెయినర్ అయితే పట్టీ అరిగి బొచ్చు లేచిందేమో చూడండి. నదిలో తడిసిందా అని అడగండి. తడిసినదాన్ని మంచినీళ్లలో కడిగి నీడన ఆరబెట్టకపోతే సన్నటి ఇసుక లైన్ల అల్లికలో ఉండిపోయి లోపల్నుంచి కోస్తుంది.

మొదటి జంపులకు గంటకు పది మైళ్లు దాటిన గాలి వద్దు. శిక్షకుడు వెనక నిలబడి పైలట్ చ్యూట్ పట్టుకుని, లైన్లు సాగేదాకా వదలకుండా ఇచ్చే పీసీఏతోనే మొదలుపెట్టండి. అప్పుడు కెనోపీ వెంటనే తెరుచుకుంటుంది, మీకు చూసుకోవడానికి ఎత్తు దొరుకుతుంది. అడుగు వేసేటప్పుడు చూపు దిగంతం మీద ఉండాలి, ఛాతీ ముందుకు, తల పైకి. నీళ్ల వైపు చూస్తే తల కిందికి పోతుంది, ఒళ్లు దాని వెంటే పోతుంది. నదిలో పడే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, ఈత రానివాళ్లు తేలే జాకెట్ లేకుండా వంతెన ఎక్కొద్దు. ఈ వంతెన మీద ఏడాది పొడుగునా పర్మిట్ లేకుండా దూకవచ్చు. వెస్ట్ వర్జీనియాలోని న్యూ రివర్ గార్జ్ వంతెన 876 అడుగులు, అక్కడ అక్టోబర్ మూడో శనివారం బ్రిడ్జ్ డే నాడు, ముందే నమోదు చేసుకుని. నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా దూకితే కేసవుతుంది.

హైదరాబాద్ నుంచి ఇద్దరు ముగ్గురు భువనగిరి గుట్ట గురించి అడిగారు. వద్దు. అది గుండ్రటి ఏకశిల. పై నుంచి నిటారుగా ఉన్నట్టు కనిపించినా కిందికి పోయేకొద్దీ రాయి ముందుకు వస్తుంది. దూకిన మనిషికి గాలి బదులు వాలు ఎదురవుతుంది. ఎక్కడానికి అది మంచి రాయి, ఎక్కండి.

కొత్త కెనోపీలు ఆర్డర్ ఇచ్చినవాళ్లకు చివరిగా ఒక మాట. మేం చెప్పిన గడువు కన్నా ఆలస్యమవుతోంది, తప్పు తేదీ చెప్పి మిమ్మల్ని కూర్చోబెట్టడం ఇష్టం లేదు. మీ సైజుకు దగ్గరున్న సెవెన్ సెల్ కెనోపీని పెద్ద కంటెయినర్‌తో సహా అద్దె లేకుండా ఇస్తున్నాం, మీదొచ్చేదాకా డ్రాప్ జోన్‌లో (స్కైడైవింగ్ మైదానంలో) వాడుకోండి. ప్యాకింగ్ బల్ల శని, ఆదివారాలు పొద్దున ఏడింటి నుంచి. ఒక్కొక్కరికి రెండు గంటలు. వచ్చేటప్పుడు లాగ్‌బుక్ తెచ్చుకోండి.