రంగు బట్ట ఎందుకు ఆలస్యమవుతోందంటే

ముదురు రంగుల కాటన్ బట్టకి ఆర్డర్ ఇచ్చి ఎదురుచూస్తున్న అందరికీ చెప్తున్నాను, మీ తానులు ఇంకా తయారు కాలేదు, ఇప్పట్లో కావు కూడా. "దారిలో ఉంది" అని మెసేజ్ పెట్టి రోజులు నెట్టొచ్చు, కానీ ఏళ్ల తరబడి మా దగ్గరే కొంటున్నవాళ్లతో అలా మాట్లాడటం నాకు చేతకాదు.

మా క్లస్టర్‌లో పడుగు తోడేవాళ్లు, గంజి పెట్టేవాళ్లు, మగ్గాలవాళ్లు, అద్దకం యూనిట్లు అందరూ పక్కపక్కనే ఉంటారు. అద్దకం నీళ్లన్నీ ఒకే ఉమ్మడి శుద్ధి ప్లాంటుకి వెళ్తాయి. ఆ ప్లాంటు ఆగిపోయింది. నీళ్లలోని ఉప్పుని వడకట్టే ఆర్వో పొరలు పాడయ్యాయి, మార్చడానికి డబ్బు లేదు, ఎందుకంటే అద్దకం యూనిట్లలో చాలామంది నిర్వహణ వాటా కట్టలేదు. నాకు మండేది ఇక్కడే. నీటి శుద్ధి చార్జీ అని మా ప్రతి బిల్లులోనూ విడిగా వేస్తారు, నేను ఒక్క బిల్లు కూడా బాకీ పెట్టలేదు. ఆ డబ్బు ప్లాంటుకి చేరడం లేదన్న సంగతి ప్లాంటు ఆగాక గానీ బయటపడలేదు.

అంతకన్నా ఘోరం, మా అద్దకం ఆయన ఇవేవీ నాతో అనలేదు. నా గ్రే క్లాత్‌ని, అంటే రంగు వేయని బట్టని, క్లస్టర్ బయట, శుద్ధి ఊసే లేని ఒక యూనిట్‌కి పంపి రంగు వేయించి, తన దగ్గరే అయినట్టు తెచ్చి ఇచ్చాడు. షేడ్ చూస్తే బాగానే ఉంది. తడి తెల్లగుడ్డతో రుద్దితే మాత్రం గుడ్డంతా నీలం. రియాక్టివ్ రంగు వేశాక నూలుకి పట్టని రంగు కొంత ఎప్పుడూ మిగిలిపోతుంది, దాన్ని మరిగే సబ్బునీళ్లలో వదిలించి మళ్లీ మళ్లీ జాడించాలి. అక్కడ ఆ ఖర్చు మిగుల్చుకున్నారు. అడిగితే "అందరూ చేసేదే కదా" అన్నాడు. ఇన్నేళ్ల నమ్మకానికి ఆయన ఇచ్చిన జవాబు అదీ.

తర్వాత ఆ బయటి యూనిట్‌వాళ్లే నాకు ఫోన్ చేశారు: రేటు కొంచెం పెంచితే సోపింగ్, అంటే ఆ సబ్బునీళ్ల పని, సరిగ్గా చేస్తాం, చెప్పిన రోజుకి సరుకు ఇస్తాం అని. నిజంగానే చేయగలరు. బట్ట బాగుంటుంది, మీకు తేడా తెలియదు, మగ్గాలు ఆగవు. నాకు నిద్ర పట్టనిది ఇందుకే. మగ్గం ఆగితే ముందు నష్టపోయేది నేను కాదు, నేసేవాళ్లు. సరే అనడానికి ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను, ఒక్కసారి కాదు.

చివరికి వద్దనే అనుకున్నాను. ఈ అద్దకానికి ఉప్పు బాగా పడుతుంది, ఆ ఉప్పంతా నీళ్లలోనే ఉండిపోతుంది. మామూలు శుద్ధితో రంగు తగ్గుతుందేమో గానీ ఉప్పు పోదు, ఆర్వోలో వడకట్టి, మిగిలినదాన్ని ఆవిరి పట్టిస్తేనే పోతుంది. తమిళనాడులోని తిరుప్పూర్‌లో ఏం జరిగిందో ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. నొయ్యల్ నది మీద సాగు కోసం కట్టిన ఒరత్తుపాళయం డ్యామ్ అద్దకం నీళ్ల చెరువైపోయింది, కింది రైతులు కోర్టుకెళ్లారు, 2011 జనవరిలో మద్రాస్ హైకోర్టు అక్కడి అద్దకం యూనిట్లని మూయించింది. నా బట్టలకి వాడిన నీళ్లు ఏ పత్తి రైతు కాలువలోనో కలుస్తుంటే, మీకు "స్వచ్ఛమైన నూలు" అని చెప్పి అమ్మలేను.

క్లస్టర్ వదిలేసి సొంతంగా అద్దకం పెట్టుకోమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ఉప్పునీళ్లని ఆవిరి చేసే యంత్రం నాలాంటి చిన్నవాడు ఒక్కడే నడపలేడు, క్లస్టర్ అనేదే అందుకు. 2005లో టెక్స్‌టైల్ పార్కుల పథకం వచ్చింది, 2021లో పీఎం మిత్ర పథకం కింద 7 పార్కులన్నారు, 2023లో వాటిలో వరంగల్ పేరూ చెప్పారు, అన్నిట్లోనూ ఉమ్మడి సౌకర్యాలే ముఖ్యం అన్నారు. మంచిదే. కానీ కట్టడానికి గ్రాంటు దొరుకుతుంది, తర్వాత పొరలు మార్చే డబ్బు మాత్రం సభ్యులే తేవాలి. నలుగురు ఎగ్గొడితే కట్టినవాడి పని కూడా ఆగుతుంది. అందుకే సంఘంలో ఒకటే అడిగాను, శుద్ధి చార్జీ అద్దకం యూనిట్ చేతికి కాకుండా నేరుగా ప్లాంటు ఖాతాకే కడతామని. అది ఒప్పుకునేదాకా ఇక్కడ ఒక్క తాను కూడా రంగుకి ఇవ్వను. మొండితనం అంటే అనుకోండి.

ఇక మీ ఆర్డర్ల సంగతి. శుద్ధి ప్లాంటు సరిగ్గా నడుస్తున్న వేరే క్లస్టర్‌లో వరస కోసం పేరు రాయించాం, వాళ్ల పాత ఖాతాదారుల పని అయ్యాకే మనది, అందుకని తేదీ చెప్పలేను. రంగు వేయని బట్ట, అదే కౌంట్ (నూలు సన్నదనం), అదే నేత, కావలసినంత ఉంది, మగ్గాలు దాని మీదే నడుస్తున్నాయి. ఆగలేనివాళ్లు ఆర్డర్ నంబర్ పంపండి, అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తాం, కారణం అడగం. ఆ నీలం లాట్ మాత్రం సెకండ్స్ (లోపం ఉన్న సరుకు) కింద కూడా అమ్మడం లేదు. తక్కువకి ఇస్తారా అని అడుగుతున్నారు, ఇవ్వను.