వార్షిక నివేదిక 2025-26

సభ్యులందరికీ నమస్కారం. మన తెలుగు సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా పనుల్లోకి వస్తాను. విశ్వావసు ఉగాదికి పంచాంగ శ్రవణం, పచ్చడి, పిల్లల పద్యాల పోటీ యథావిధిగా జరిగాయి. ఆదివారం తెలుగు తరగతులు ఆగలేదు; పాఠాలు చెప్పిన ఇద్దరు అక్కలకు చేతులెత్తి దండం. కార్తీక వనభోజనాలు వానకు రద్దయ్యాయి.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవలసింది 2025 ఏప్రిల్ 13 సంగతి. అంతకు నెల ముందు మన లేఅవుట్ వెనక గుట్ట అంటుకున్న రాత్రి మీ అందరికీ గుర్తుంది. ఫైరింజన్ కింది రోడ్డు దాకానే రాగలిగింది. పైకెక్కి పచ్చికొమ్మలతో మంటను బాది ఆర్పింది బెంగళూరు శివారు బన్నేరుఘట్ట అడవి అంచు ఊరి కుర్రాళ్లు. జీతం లేదు, బూట్లు లేవు, కొందరివి హవాయి చెప్పులు. ఎండలు ముదరకముందే గడ్డిని వరసగా కాల్చి ఖాళీ పట్టీ చేసేదీ వీళ్లేనట, మంట అక్కడికొచ్చి ఆగిపోయేలా. దాన్ని 'బెంకి రేఖె' అంటారు. మనం ఆ రాత్రి మేడ మీంచి వీడియోలు తీశాం.

1944లో బొంబాయి రేవులో ఓడ పేలి చనిపోయిన అగ్నిమాపక సిబ్బంది స్మృతిగా ఏప్రిల్ 14ను పాటిస్తారు. ఆ ముందురోజు ఆదివారం కావడంతో ఆ కుర్రాళ్ల ఊరికి వెళ్లి సత్కరించాలనుకున్నాం. శాలువాలన్నారు కొందరు. ఏప్రిల్ ఎండలో శాలువా ఏమిటండీ! చేత్తో చేసిన తీపి అని కమిటీ తేల్చింది. కోస్తావాళ్లు బొబ్బట్లన్నారు, సీమవాళ్లు ఓళిగలు, తెలంగాణవాళ్లు భక్షాలు. అరగంట వాదించాక తెలిసింది, అందరూ అడుగుతున్నది ఒకటేనని. 5 కిలోల శనగపప్పు, అంతే మండ్య బెల్లం, 2 లీటర్ల నెయ్యి, 300 బొబ్బట్లు. తెల్లవారుజామున 4 గంటలకే పూర్ణం రుబ్బిన ఎనిమిది మంది వదినలకు, అత్తయ్యలకు, పెనం దగ్గర నిలబడ్డ ఏకైక మగాడు మన కోశాధికారి గారికి ప్రత్యేక కృతజ్ఞతలు. వాట్సాప్‌లో 'నేనొస్తా' అన్నవారు 31 మంది. మిగతా 22 మంది ఎక్కడున్నారో ఈ సభలోనే అడుగుతున్నాను.

ముఖ్య అతిథిగా వస్తానన్న అధికారి కోసం 12 దాకా చూశాం. ఫోన్ ఎత్తలేదు. కుర్రాళ్లను ఆకలితో కూర్చోబెట్టడం ఇష్టంలేక ఉపన్యాసం లేకుండానే వడ్డించాం, అదీ మంచిదే అయింది. మొదటి బొబ్బట్టు తిన్న పెద్దాయన నెయ్యి చేతులు తుడుచుకుని, "ఒబ్బట్టు సారు ఎల్లి?" అని అడిగారు, అంటే 'బొబ్బట్టు చారు ఏది?' అని. కన్నడిగుల ఇళ్లలో పప్పు ఉడికిన నీళ్లతో చారు కాచి ఒబ్బట్టుతో పాటు వడ్డిస్తారు. మనం ఆ నీళ్లన్నీ సింకులో పారబోశాం. ఈసారి చారు కూడా అని మాటిచ్చి వచ్చాను, కమిటీ ఆమోదించాలి.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా ఇచ్చారు, ఆడిటయ్యాయి, స్వల్ప మిగులు ఉంది. చందా బాకీ ఉన్నవారు దయచేసి ఇవాళే కట్టండి.

ఆ రోజు ఊళ్లో వదిలేసి వచ్చిన పెద్ద ఇత్తడి గంగాళం ఇంకా అక్కడే ఉంది. తేవడానికి కారున్న సభ్యులు ఒకరు కావాలి.

మీ కార్యదర్శి