ఆ ఒక్క మార్కు ఇప్పించండి, మంత్రి గారూ

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

ఇది నా నాలుగో విన్నపం. మొదటి మూడింటికీ రసీదు నంబర్లు తప్ప జవాబు రాలేదు. అందుకే ఈసారి నలుగురి ఎదుటా రాస్తున్నాను.

మన తొలి ఉపగ్రహం ఆర్యభటను ఎక్కడి నుంచి ప్రయోగించారని ప్రతిభా పరీక్షలో అడిగితే మా బడి అమ్మాయి 'కపుస్తిన్ యార్' అని రాసింది. జవాబుల కీలో 'శ్రీహరికోట' అని ఉంది. మార్కు పోయింది. "ఒక్క మార్కే కదా మాస్టారూ, వచ్చేసారి సరిచేస్తాం" అన్నారు కార్యాలయంలో. మరుసటి ఏడు అదే ప్రశ్న వచ్చింది, అదే కీ వచ్చింది. ఇప్పుడు పిల్లలు నన్ను అడుగుతున్నారు: "నిజం రాయాలా సార్, కీలో ఉన్నది రాయాలా?" ఏం చెప్పమంటారు?

1975 ఏప్రిల్ 19న 360 కిలోల ఆర్యభట ఎగిరింది ఆస్ట్రాఖాన్ ప్రాంతంలోని సోవియట్ సైనిక క్షిపణి కేంద్రం కపుస్తిన్ యార్ నుంచి. భాస్కర-1, భాస్కర-2 కూడా అక్కడి నుంచే వెళ్లాయి. శ్రీహరికోట నుంచి మన రాకెట్ తొలిసారి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది 1980 జులై 18న. ఆర్యభటను తయారుచేయడానికి బెంగళూరు పీణ్యా షెడ్లలో శాస్త్రవేత్త యు.ఆర్.రావు గారి బృందం పడిన కష్టం, పరాయి గడ్డ పేరు చెప్పినంత మాత్రాన తగ్గిపోతుందా?

సైనిక స్థావరం సంగతి పిల్లలకెందుకని మరొకరు అన్నారు. అయ్యా, అంతరిక్షయానం నడక నేర్చింది అలాంటి చోటే. 1947 అక్టోబరు 18న అక్కడ మొదట ఎగిరింది జర్మన్ల వి-2 క్షిపణి. నాలుగేళ్లు తిరగకముందే దెజిక్, త్సిగాన్ అనే రెండు కుక్కలు అదే నేల నుంచి సుమారు నూరు కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి ప్రాణాలతో దిగాయి. భూమి చుట్టూ తిరిగిన తొలి కుక్క లైకాకు ఆరేళ్ల ముందు మాట ఇది! ఆర్యభటను మోసిన కాస్మోస్-3ఎం రాకెట్ కూడా సోవియట్ల ఆర్-14 క్షిపణి నుంచి రూపొందినదే. విధ్వంసానికి చేసిన యంత్రం మన తొలి ఉపగ్రహాన్ని మోసుకెళ్లిందని చెప్పినప్పుడు తరగతిలో పిల్లల కళ్లు ఎలా మెరుస్తాయో మీరు ఒక్కసారి వచ్చి చూడండి.

దయచేసి కీ సరిచేయించండి. ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతిలో ఉంది, ఏప్రిల్‌తో బడి వదిలి వెళ్తుంది. నాకు జవాబు ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఆమె రాసింది సరైనదేనని ఒక్క ఉత్తరం ఆలోపు ఆమె పేరున పంపించండి.

ఇట్లు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు