దస్తావేజులో పేరు లేనివాళ్ళకు

కొన్నామండి. మొన్న గురువారం సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్రలు పడ్డాయి. వశిష్ఠ గోదావరి పాయలో ఉన్న మా లంకలో 3 ఎకరాల 40 సెంట్ల కొబ్బరి తోట ఇప్పుడు మా సంఘం పేరున ఉంది. "ఏమైందమ్మా, తేలిందా లేదా?" అని అడుగుతున్నవాళ్ళకి విడివిడిగా ఫోన్లు చేసే ఓపిక లేక అందరికీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. పొడుగైతే ఏమనుకోకండి. కోనసీమ మనిషిని, క్లుప్తంగా చెప్పడం మా ఇంటా వంటా లేదు.

దస్తావేజు తీసి చూస్తే కొన్నవారు ఒకరే, సంఘం. అమ్మినవారు ఒకరు. సాక్షులు ఇద్దరు. కింద లేఖరి సంతకం. ఆ కాగితంలో ఎక్కడా కనపడనివాళ్ళు మాత్రం బోలెడుమంది. వాళ్ళలో చాలామంది ఆ లంకని చూడనే లేదు. ఇది వాళ్ళకి రాస్తున్నది.

కొత్తగా చదివేవాళ్ళకి రెండు ముక్కలు. మేం పదకొండు ఇళ్ళవాళ్ళం. రిటైరైన టీచర్లు, ఒక నర్సు, ఒక ఆటో డ్రైవరు, పెళ్ళి వద్దనుకున్న ఇద్దరు స్నేహితురాళ్ళు, భర్త పోయాక పిల్లల దగ్గరకి హైదరాబాదు వెళ్ళనని భీష్మించుకున్న మా పెద్దక్క, ఇలా. కలిసి పండించుకోవాలి, రోజుకి ఒక పూటైనా ఒకే పొయ్యి మీద వండుకుని తినాలి, ఎవరికి జ్వరమొచ్చినా పక్క గుమ్మంలోంచి మనిషి రావాలి. కోరిక ఇంతే. "ఆశ్రమమా?" అని కొందరు, "వృద్ధాశ్రమమా?" అని ఇంకొందరు అడిగారు. రెండూ కాదండి. మాకు గురువుగారు లేరు, మంచాలు వేసి ఫీజు కట్టించుకునే మేనేజరూ లేడు.

లంకే ఎందుకంటే, గట్టు మీద తోటలు మేం కొనగలిగే ధరలో లేవు. ఏటా వరదకి మునుగుతుంది కాబట్టి లంకలో రేటు తక్కువ. ఆ వరదే ఒండ్రు కూడా తెచ్చి పోస్తుంది.

ముందుగా అమ్మినాయన. ఎనభై దాటిన పెద్దాయన, మేమందరం తాతగారు అనే పిలుస్తాం. పాత కాగితాల ప్రకారం ఆయనకి 4 ఎకరాల 12 సెంట్లు. సర్వేయరు రోవరు అనే కొలత యంత్రం పట్టుకుని గట్టు వెంబడి నడిచి లెక్క తేల్చాక మిగిలింది 3 ఎకరాల 40. తక్కిన 72 సెంట్లూ కోతకి గోదాట్లో కలిసిపోయాయి. లంకల్లో ఇది కొత్త సంగతేం కాదు. అడంగల్లో భూమి ఉంటుంది, కాళ్ళ కింద ఉండదు. కాగితం మీదున్న దానికి డబ్బులడిగే హక్కు ఆయనకుందని మధ్యవర్తి గట్టిగా వాదించాడు. తాతగారు చేతికర్రతో నీళ్ళలోకి చూపించి "అది గోదారమ్మకి ఎప్పుడో రాసిచ్చేశాను, మళ్ళీ వీళ్ళకెలా అమ్ముతానురా" అన్నారు. సెంటు సెంటుకీ కొలిచిన దానికే సొమ్ము తీసుకున్నారు.

ఇంకో సంగతి. మన దగ్గర భూమి బేరమంటే సగం చెక్కు, సగం సంచి. ఇల్లూ పొలం అమ్మేటప్పుడు రూ. 20,000 అంతకు మించి నగదు తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టంలో ఉన్నా ఎవరు పట్టించుకుంటున్నారు? మాది పదిమంది డబ్బు, ప్రతి రూపాయికీ లెక్క చూపించాలి, సంచి బేరం కుదరదు అన్నాం. మొత్తం బ్యాంకు ద్వారానే తీసుకోవడానికి తాతగారు, అంతకన్నా ముఖ్యంగా ఆయన కోడలుగారు ఒప్పుకున్నారు. ఆవిడ ఒప్పుకోకపోతే బేరం అక్కడే ఆగిపోయేది.

ఇక ఆ తోటని ఏళ్ళ తరబడి కౌలుకి చేస్తున్న రైతు. నిజానికి ఈ మొత్తంలో నేను ఎక్కువగా తల వంచేది ఆయనకే. పొలం చేతులు మారిందంటే కౌలుదారుకి ముందు వినపడేది "ఖాళీ చెయ్యి" అనే మాట. అసలు కౌలు కార్డే పదకొండు నెలలది, దానికీ యజమాని సంతకం కావాలి. మేం మాట్లాడటానికి వెళ్ళిన రోజు ఆయన అరటి పిలకలు నాటుతున్నాడు. మమ్మల్ని చూసి పని ఆపలేదు. గునపం దించి, మట్టి పెళ్ళ పక్కకి తోసి, పిలకని నిలబెట్టి, మడమతో అదిమి, ఆ వరుస పూర్తయ్యేదాకా అలాగే వెళ్ళిపోయాడు. తర్వాత చేతులు కడుక్కొచ్చి "నేను పొమ్మంటే పోతానండి. ఈ గెలలు దిగేదాకా ఆగుతారా?" అన్నాడు. పొమ్మనడానికి రాలేదు, మాతో కలవమనడానికి వచ్చాం అని చెప్పాం. నమ్మడానికి టైం పట్టింది, పట్టదా మరి. ఇప్పుడాయన మా సంఘంలో పన్నెండో సభ్యుడు. వాటా ధనం బదులు ఏడాది పని ఆయన పెట్టుబడి. ఏ మూల నీళ్ళు నిలుస్తాయో, ఏ చెట్టు ఎక్కడానికి దింపు కార్మికులు భయపడతారో మాలో తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆయన.

ఆ ఇంటి ఇల్లాలు మేం వెళ్ళినప్పుడల్లా చెప్పాపెట్టకుండా అన్నం వండేసేది. "ఎందుకమ్మా శ్రమ" అంటే "లంకకొచ్చినోళ్ళని ఆకలితో రేవు దాటిస్తామేంటండీ" అనేది. డొక్కా సీతమ్మగారు వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టిన సీమ కదా, దీని గురించి నేను కొత్తగా చెప్పేదేముంది.

డబ్బు లెక్క. ఇది దాచేది కాదు. ఎకరం 24 లక్షల చొప్పున తోట 81 లక్షల 60 వేలు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే మరో 6 లక్షల 12 వేలు. పదకొండు ఇళ్ళ నుంచి తలా 4 లక్షలు వేస్తే 44 లక్షలు వచ్చాయి. అందులో కొంత చీటీ పాడి కింద పడ్డ సొమ్ము, కొంత అమ్మిన గాజులు. చేబదుళ్ళు 27 లక్షలు. ఊరికే ఇచ్చినవి 17 లక్షలు. మొత్తం 88. మిగిలిన 28 వేలూ సర్వేకీ, నకళ్ళకీ, పడవకీ అయిపోయాయి.

ఆ 17 లక్షల సంగతి చెప్పాలి. దానిలో పెద్ద మొత్తాలు నాలుగైదే. తక్కినవన్నీ ఫోన్‌పేలో టింగుమని మోగినవి. 116, 516, 1,116. పెళ్ళికి చదివించినట్టు చివర పదహారు. ఒకాయన 115 పంపి, ఐదు నిమిషాలాగి ఇంకో రూపాయి పంపారు. కొన్నిటికి పేరు బదులు ఏదో కిరాణా కొట్టు పేరు, ఇంకేదో మొబైల్ షాపు పేరు కనపడేది. మీరెవరో మాకు తెలీదండి. రసీదు పంపుదామంటే నెంబరు పూర్తిగా కనపడదు. పుస్తకంలో తేదీ, మొత్తం రాసుకున్నాం. ఇది చదివి "అది నేనే" అంటే పేరు చేరుస్తాం. వద్దంటే అలాగే ఉంచుతాం.

చేబదుళ్ళిచ్చినవాళ్ళు వడ్డీ మాట ఎత్తలేదు. మన ఊళ్ళలో నూటికి రెండు రూపాయలు నడుస్తున్న రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. ప్రోనోట్లు మా పేర్ల మీద మేమే పట్టుబట్టి రాసిచ్చాం. మూడేళ్ళు దాటితే నోటు చెల్లదు కాబట్టి, ఆలోపు తీర్చలేకపోతే పిలవకుండానే వచ్చి తిరగరాస్తాం.

మా చెల్లెలు డాలస్‌లో ఉంటుంది. మొదట్లో తనూ ఒక వాటాదారు అవుతానంది. కుదర్లేదు. విదేశాల్లో స్థిరపడినవాళ్ళు ఇక్కడ ఇల్లు కొనుక్కోవచ్చు, ఫ్లాటు కొనుక్కోవచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫాంహౌస్ మాత్రం ఫెమా అనే విదేశీ మారకద్రవ్య చట్టం ప్రకారం కొనకూడదు. "పేరు లేకపోతే నాకేంటే, నీకు పుట్టింటి పసుపు కుంకుమ అనుకో" అని నాకు కానుకగా పంపింది. నా వాటా దాంతోనే కట్టాను. తన స్నేహితులిద్దరు నేరుగా సంఘానికే పంపారు గానీ, వాళ్ళిద్దరూ అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు తమ పొదుపులోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, వీళ్ళు పంపితే అవుతుంది. దానికి వేరే అనుమతి కావాలి, మాకు లేదు. తిరిగి పంపేశాం. ఇచ్చిన డబ్బు వెనక్కొస్తే ఎవరికైనా చివుక్కుమంటుంది. వాళ్ళు మాత్రం ఏ తప్పూ పట్టకుండా, ఆ వారమంతా రాత్రిళ్ళు కూర్చుని మా లెక్కల పుస్తకం కంప్యూటర్‌లోకి ఎక్కించి పెట్టారు. ఆ కృతజ్ఞత కూడా ఈ ఖాతాలోనే రాసుకోండి.

సహకార శాఖలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఒకరున్నారు. పేరు రాయొద్దన్నారు, రాయను. మేం మొదట పదకొండు మంది పేర్లూ దస్తావేజులో రాయించేద్దామనుకున్నాం. ఆయన అడ్డం పడ్డారు. ఉమ్మడిగా కొంటే ఎవరి వాటా వాళ్ళు ఎవరికైనా అమ్ముకోవచ్చు, కొన్నవాడు పంపకం కోరుతూ కోర్టుకెక్కొచ్చు. ఒకరు పోతే వారసులు ముగ్గురొస్తారు, వాళ్ళు పోతే తొమ్మిదిమంది. 3 ఎకరాల 40 సెంట్లు చివరికి ముక్కలు ముక్కలవుతాయి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, అందరూ మ్యాక్స్ అంటారే, అందులో రిజిస్టరు చేయించుకోమన్నారు. వేర్వేరు కుటుంబాల నుంచి కనీసం పదిమంది ఉంటే చాలు. భూమి సంఘానిది, మనిషిది వాటా ధనం. వెళ్ళిపోయేవాళ్ళకి డబ్బొస్తుంది గానీ గట్టు తెగదు. నిబంధనావళి ప్రతి వాక్యం ఆయన ఎర్ర సిరాతో దిద్దారు. ఫీజు అడిగితే "మీ వంటింట్లో శనివారం పూట నాకో విస్తరి వెయ్యండి" అన్నారు. వేస్తాం సార్. శనివారాలు మీకు ఉప్మాయేనని మాకు తెలుసు.

మధ్యలో మాకూ నీరసం వచ్చింది. బ్యాంకులు ఇలాంటి కొనుగోలుకి అప్పివ్వలేమన్నాయి. ఇద్దరు ముగ్గురు వెనకాడారు. అప్పుడు మాలో ఒక టీచరుగారు ఎగ్ దీవి కథ చెప్పారు. స్కాట్లాండు పడమటి తీరంలో ఉంది ఆ దీవి. ఏళ్ళ తరబడి దీవి మొత్తం ఒక్కో యజమాని చేతిలో ఉంటూ, చేతులు మారుతూ వచ్చింది. 1997 జూన్‌లో అక్కడ కాపురముంటున్న అరవై చిల్లర మంది, స్థానిక కౌన్సిలు, వన్యప్రాణి సంరక్షణ సంస్థ కలిసి ట్రస్టు పెట్టుకుని 15 లక్షల పౌండ్లకి దాన్ని కొనేశారు. వేలమంది చందాలు పంపారు. అన్నిటికన్నా పెద్ద మొత్తం ఇచ్చిన మహిళ ఎవరో బయటికి చెప్పలేదు. 2008లో గాలి, ఎండ, వాగు నీళ్ళతో సొంత కరెంటు పెట్టుకున్నారు. ఒక్కో ఇంటికి 5 కిలోవాట్లకి మించి వాడకూడదని తమకి తామే హద్దు గీసుకున్నారు. మనకి అన్ని పౌండ్లూ లేవు, అంత దీవీ లేదు. "వాళ్ళకి దీవంతా, మనకి మూడెకరాలు, ఏడవడానికేముంది" అని మా పెద్దక్క లేచి టీ పెట్టింది. వెనకాడినవాళ్ళు ఆ టీ తాగి ఉండిపోయారు. ఆ కరెంటు కట్టుబాటు నాకు బాగా నచ్చింది. మోటారు గంటల విషయంలో మేమూ అలాంటిదొకటి రాసుకున్నాం. ఎన్నాళ్ళు పాటిస్తామో చూడాలి.

రేవులో ఇంజను పడవ నడిపే అన్నయ్య సర్వే జరిగినన్ని రోజులూ మా దగ్గర పైసా తీసుకోలేదు. అంతకన్నా పెద్ద సాయం ఇంకోటి చేశాడు. కొనకముందే మమ్మల్ని తోటలోకి తీసుకెళ్ళి ఒక చెట్టు మొదట్లో నిలబెట్టి, తన తలకి పైన జానెడెత్తున, బెరడు మీద లేత బురద రంగు గీత చూపించాడు. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు నీళ్ళు నిలిచిన గుర్తు. "చూసుకుని కొనుక్కోండి. తర్వాత నన్ననకండి" అన్నాడు. కొబ్బరి తట్టుకుంది గానీ ఆ ఏడు అరటీ కందా అంతా కుళ్ళిపోయాయట. ఆ గీత చూశాక మా ప్లాను మారింది. తోటలో పంచలూ వంటింటి షెడ్డూ మెరక చేసిన దిబ్బ మీదే. కాపురాలు ఊళ్ళోని అద్దె ఇళ్ళలో. ధవళేశ్వరంలో 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక వస్తే సామాను సర్దుతాం, 13.75కి రెండోది వస్తే పశువుల్నీ ముసలివాళ్ళనీ దాటిస్తాం, 17.75 దాకా ఎవరం అక్కడ ఉండం. ఇదీ నిబంధనావళిలో ఉంది.

ఇక మీ అందరికీ ఏమిస్తాం అంటే, చేబదుళ్ళు వచ్చే సంక్రాంతి నుంచి తీర్చడం మొదలుపెడతాం. చిన్న మొత్తాలవాళ్ళకి ముందు. లెక్కల పుస్తకం ఎవరైనా వచ్చి చూడొచ్చు. మొదటి దింపు కాయలు రావులపాలెం బస్టాండు దాకా మేం తెస్తాం, అక్కణ్ణుంచి మోసుకెళ్ళే పూచీ మీదే. కురిడీలు కావాలన్న బాబాయిగారూ, వాటిని అటకెక్కించి నెలల తరబడి ఆగాలి. మా దగ్గర ప్రస్తుతానికి అటక లేదు. వచ్చేటప్పుడు నాలుగు దూలాలు పట్టుకు రండి.