లోతైన రీఫ్ ట్యాంకులకు ఇకపై వాట్ల లెక్కన లైట్లు అమ్మం

మా దగ్గర లైట్లు కొన్నవారికి, కొనాలనుకుంటున్నవారికి ఒక మాట. 75 సెంటీమీటర్లకు మించి లోతున్న రీఫ్ ట్యాంకులకు, అంటే ఉప్పునీటిలో బతికున్న పగడాలు పెంచే గాజు తొట్లకు, 'ఇన్ని లీటర్లకు ఇన్ని వాట్లు' అని లెక్కకట్టి ఎల్‌ఈడీ లైట్లు ఇవ్వడం మానేస్తున్నాం. మీరు ఏ పగడాలు పెంచుతారు, రాళ్లు ఎంత ఎత్తు వరకు పేరుస్తారు, పైన అడ్డుపట్టీలు ఉన్నాయా అన్నవి ముందు అడుగుతాం. లైటు మాట ఆ తర్వాతే. దీనివల్ల కొన్ని ఆర్డర్లు ఆలస్యమవుతాయి, కొన్ని చేజారిపోతాయి కూడా. తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాం.

మాకు తరచుగా వచ్చే ప్రశ్న ఇది: 'ట్యాంకు 90 సెంటీమీటర్ల లోతు, అడుగు దాకా వెలుగు దిగాలంటే ఎంత పెద్ద లైటు కావాలి?' దీనికి జవాబుగా అన్నిటికంటే పెద్ద లైటు చూపించడం మాకు సులువు, లాభం కూడా. కానీ పైన ఎంత వెలుగు ఉందో అడుగునా అంతే ఉండాలనే నమ్మకం ఆ ప్రశ్నలో దాగి ఉంది. అలా ఉండనక్కర్లేదు. ఉండకపోతేనే మంచిది.

పగడాల లోపల నివసించే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలు వెలుగుతో ఆహారం తయారుచేసి వాటికి పంచుతాయి. అవి వాడుకోగలిగే 400 నుంచి 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న వెలుగును 'పార్' అనే కొలతతో లెక్కిస్తారు. ఒక చదరపు మీటరు మీద సెకనుకు ఎన్ని మైక్రోమోల్స్ ఫోటాన్లు (వెలుగు కణాలు) పడుతున్నాయన్నదే ఆ అంకె. మెత్తటి పగడాలకు 50 నుంచి 100, పెద్ద పాలిప్‌లు (పగడాన్ని కట్టే చిన్న జీవులు) ఉన్న ఎల్‌పీఎస్ రకాలకు 75 నుంచి 150 సరిపోతుంది. చిన్న పాలిప్‌లున్న, అక్రోపోరా లాంటి ఎస్‌పీఎస్ రకాలకు 200 నుంచి 350 వరకు ఇస్తే చాలు. ఉష్ణమండల సముద్రం మీద మిట్టమధ్యాహ్నం 2000 దాకా ఉంటుంది కదా అని కొందరు వాదిస్తారు. నిజమే. అయితే చాలా పగడాలు అందులో కొంత భాగానికే సంతృప్తమైపోతాయి. ఆపైన పడే వెలుగు వాటికి తిండి కాదు, భారం.

కాబట్టి లోతైన ట్యాంకు మీకు వరమే. రాళ్ల శిఖరాన 300 పార్, నడుమ 150, ఇసుక మీద 90 వచ్చేలా చూసుకుంటే మూడు రకాల పగడాలకూ ఒకే ట్యాంకులో చోటు దొరుకుతుంది. ఇసుక మీద కూడా 300 కావాలని పట్టుబడితే పైనున్న వాటిని తెల్లబార్చుకుంటారు, విద్యుత్తు బిల్లూ పెంచుకుంటారు. అక్రోపోరా కావాలంటే రాయిని ఎత్తుగా పేర్చండి. లైటు మీద పెట్టే ఖర్చు కన్నా రాయి మీద పెట్టే ఖర్చు ఎప్పుడూ తక్కువే. రాళ్ల మీద మాకు మిగిలేది చాలా తక్కువ కనుక ఈ సలహాను అనుమానించనక్కర్లేదు!

లోతుకు వెళ్లేకొద్దీ వెలుగు తగ్గడానికి నీరే కారణమని చాలామంది అనుకుంటారు. స్వచ్ఛమైన నీటిలో 75 సెంటీమీటర్లు దిగినా 450 నానోమీటర్ల నీలి వెలుగు ఒక శాతం కూడా తగ్గదు. 650 దగ్గరి ఎరుపు మాత్రం సుమారు ఐదో వంతు పోతుంది. అసలు నష్టం వెలుగు పక్కలకు పరుచుకోవడం వల్ల. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందనే సూత్రం గాలిలో వేలాడే చిన్న దీపానికి సరిపోతుంది. ట్యాంకులో పరిస్థితి అంత ఘోరంగా ఉండదు. నీటిలోకి దిగేటప్పుడు కిరణం లోపలికి వంగుతుంది. 120 డిగ్రీల లెన్సు నుంచి వచ్చిన వెలుగు నీటిలో దాదాపు 81 డిగ్రీలకు, 60 డిగ్రీలది 44 డిగ్రీలకు ముడుచుకుంటుంది. ఆపైన, అలా దిగిన కిరణాలు నిలువు గాజుకు ఏటవాలుగా తగిలి బయటికి పోకుండా మళ్లీ లోపలికే మళ్లుతాయి. గాజు శుభ్రంగా ఉన్నంతవరకే ఈ లాభం. వెనక గోడంతా కోరలైన్ అనే ఊదారంగు శైవలం పరుచుకుంటే చూడడానికి అందమే, కానీ ఆ గోడకు తగిలిన వెలుగును అది చాలావరకు మింగేస్తుంది.

ఈ లెక్క చూశాకే వెలుగును సన్నటి కట్టగా పంపే ఇరుకు లెన్సుల లైట్లను మా సరుకులోంచి తీసేస్తున్నాం. లోతుకు దూసుకుపోతాయన్నది వాటి ప్రచారం. దూసుకుపోయే మాట నిజమే. సరిగ్గా లైటు కింద నిలబెట్టిన పార్ మీటరు గొప్ప అంకె చూపిస్తుంది, ఒక జానెడు పక్కకు జరిపితే సగానికి పడిపోతుంది. పగడం ఒక్కచోట పాతుకున్నాక జరగలేదు. మిగిలిన నిల్వను 45 సెంటీమీటర్ల కన్నా తక్కువ వెడల్పున్న, ఎత్తైన ట్యాంకులకు మాత్రమే ఇస్తాం. అక్కడ వాటికి పని ఉంది.

నీడల సంగతి దీనికంటే ముఖ్యం. కొమ్మల పగడం పెరిగేకొద్దీ పై కొమ్మలు కింది కొమ్మలకు గొడుగు పడతాయి. వెలుగు ఒకే దిక్కునుంచి వస్తుంటే కింది భాగం పాలిపోయి, చివరికి కణజాలం ఊడిపోతుంది. ఇది మొదటి సంవత్సరంలో కనిపించదు. అందుకే 180 సెంటీమీటర్ల పొడవు, 75 వెడల్పు, 90 లోతున్న ట్యాంకుకు మూడు పెద్ద లైట్ల బదులు ఆరు చిన్నవి, రెండు వరసల్లో, ఒకదాని వెలుగు మరొకదానిలోకి పారేలా సూచిస్తున్నాం. వాటిని నీటికి 25 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తున పెట్టి, 60 నుంచి 70 శాతం మీద నడిపితే చాలు. వేడి తగ్గుతుంది, ఫ్యాను చప్పుడూ తగ్గుతుంది. పెట్టె మీద కనిపించే 50,000 గంటల ఆయుష్షు ఎల్‌ఈడీ చిప్పుకు సంబంధించినది. రోజుకు పది గంటల లెక్కన అది పదమూడేళ్లకు పైమాటే. ముందుగా పోయేవి ఫ్యాన్లు, విద్యుత్ సరఫరా పెట్టెలు, ఉప్పు పేరుకున్న కనెక్టర్లు. అందువల్ల విడిభాగాలు దొరకని కంపెనీల లైట్లు ఎంత బాగున్నా తెప్పించం.

రంగుల గురించి ఎక్కువ చెప్పను. బలం నీలి, ఊదా చానళ్లలో (లైటులో విడిగా పెంచి తగ్గించుకునే రంగుల్లో) ఉండాలి. తెలుపు మీ కంటికి నచ్చినంత, ఎరుపు, ఆకుపచ్చ చిటికెడు. ఫోనులోని లక్స్ యాప్‌తో కొలిచి మాకు అంకెలు పంపకండి. లక్స్ అనేది మనిషి కంటికి తగ్గట్టు ఆకుపచ్చకు ఎక్కువ విలువిచ్చే కొలత, నీలి లైటు కింద దానికి అర్థం లేదు.

కొలవడానికి పార్ మీటరే కావాలి. ఏడాదికి ఒకటి రెండు సార్లు వాడే పరికరాన్ని కొనమని మేము చెప్పం. ఇకపై లోతైన ట్యాంకుకు లైట్లు బిగించిన రోజున మేమే శిఖరం, నడుమ, ఇసుక ఎత్తుల్లో కొలిచి పటం గీసి ఇస్తాం. నీటిలో సెన్సరు తక్కువ చూపిస్తుంది కాబట్టి ఆ సవరణ కూడా చేస్తాం. ఆ తర్వాత రాళ్లు మార్చుకుంటే మీటరు అరువుగా తీసుకెళ్లండి.

మెటల్ హెలైడ్లనే పాత తరహా వేడి దీపాల నుంచి ఎల్‌ఈడీకి మారాలనుకునేవారికి కొంచెం నిరుత్సాహం కలిగించే మాట. మీ 400 వాట్ల దీపాల కింద పగడాలు బాగా పెరుగుతుంటే తొందర లేదు. వేడి, విద్యుత్తు ఖర్చు, ఏటా బల్బు మార్చాల్సిన పని మిమ్మల్ని విసిగిస్తుంటేనే రండి. మారిన రోజున కొత్త లైట్లను 40 శాతం దగ్గర మొదలుపెట్టి, మూడు నాలుగు వారాల్లో మెల్లగా పెంచండి. ఎల్‌ఈడీ నీలి వెలుగు కంటికి మసకగా కనిపిస్తుంది, పగడానికి మసక కాదు. అదే వారంలో నీటిని శుభ్రపరిచే బొగ్గు, అంటే యాక్టివేటెడ్ కార్బన్, కొత్తది వేయకండి. నీటిలోని పసుపుదనం పోయి, మీటరు అంకె దానంతటదే ఎగబాకుతుంది.

ఎంతసేపు వెలిగించాలన్నది కూడా అంకెలతోనే చూడండి. 250 పార్ చొప్పున పది గంటలు వెలిగిస్తే చదరపు మీటరుకు రోజుకు 9 మోల్స్ ఫోటాన్లు. 500 చొప్పున ఐదు గంటలు వెలిగించినా కాగితం మీద అదే 9, కానీ రెండోదానిలో పగడం సగం వెలుగును వాడుకోలేక వదిలేయవచ్చు.

ఇప్పటికే ముందస్తు చెల్లించినవారి ఆర్డర్లకు కూడా ఈ పద్ధతే వర్తిస్తుంది. పగడాల జాబితా, పైనుంచి తీసిన ఒక ఫోటో, పక్కనుంచి తీసిన ఒక ఫోటో, ఇసుక నుంచి నీటి మట్టం దాకా టేపుతో కొలిచిన ఎత్తు పంపండి. లెక్క వేశాక మీరు అడిగినదానికన్నా చిన్న లైటు చాలని తేలితే తేడా మొత్తం తిరిగి ఇచ్చేస్తాం.